ప్రీ-రాఫెలైట్ చిత్రాలను చూడటం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండులో 19వ శతాబ్దం మధ్యలో వేసిన ఈ బొమ్మలు మనలో చాలామందికి పుస్తకాల అట్టల మీదో, ఫోన్ వాల్‌పేపర్లుగానో పరిచయమవుతాయి. నీళ్ళలో తేలే అమ్మాయి, ఎర్రటి జుట్టు అమ్మాయి, చేతిలో దానిమ్మపండు పట్టుకుని దిగులుగా నిలబడ్డ అమ్మాయి. బొమ్మ నచ్చుతుంది కానీ దాని వెనక ఉన్న మనుషులెవరో తెలియదు. కొన్నేళ్ళుగా వీటిని ఇష్టంగా చూస్తూ, తెలిసినవాళ్ళకు చూపిస్తూ వస్తున్నాను. అలా చూపించినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ప్రశ్నలకు నా జవాబులివి.

ప్రీ-రాఫెలైట్లు అంటే ఎవరు?

1848 సెప్టెంబరులో లండన్ గోవర్ స్ట్రీట్‌లో, జాన్ ఎవరెట్ మిలే తల్లిదండ్రుల ఇంట్లో ఏడుగురు కుర్రాళ్ళు కలిసి ఒక రహస్య సంఘం పెట్టుకున్నారు. మిలేకి 19 ఏళ్ళు. డాంటే గాబ్రియెల్ రోసెట్టికి 20, విలియం హోల్మన్ హంట్‌కి 21. ప్రధానంగా ఈ ముగ్గురే. మిగతా నలుగురు జేమ్స్ కాలిన్సన్, శిల్పి థామస్ వూల్నర్, ఫ్రెడరిక్ జార్జ్ స్టీఫెన్స్, రోసెట్టి తమ్ముడు విలియం మైకేల్. 1849లో ప్రదర్శనకు పెట్టిన బొమ్మల మీద సంతకం పక్కన 'పి.ఆర్.బి.' అని మూడక్షరాలు వేశారు. అదేమిటో అప్పుడు బయటివాళ్ళకు తెలియదు. 'ప్రీ-రాఫెలైట్ బ్రదర్‌హుడ్' అని, అంటే ఇటలీ చిత్రకారుడు రాఫేల్‌కు ముందటి కళను ఆదర్శంగా పెట్టుకున్న సోదర సంఘం అని దాని అర్థం.

'ద జెర్మ్' అని ఒక పత్రిక కూడా మొదలుపెట్టారు. 1850లో నాలుగు సంచికలు వచ్చి ఆగిపోయింది. సంఘమూ ఎక్కువ కాలం నిలవలేదు. వూల్నర్ 1852లో బంగారం వెతుక్కుంటూ ఆస్ట్రేలియా వెళ్ళాడు, మిలే 1853లో లండన్‌లోని పేరున్న చిత్రకళా సంస్థ రాయల్ అకాడమీలో సభ్యత్వం మొదటి మెట్టు ఎక్కాడు, హంట్ 1854లో పాలస్తీనా దారి పట్టాడు. సంఘం ఐదేళ్ళే ఉన్నా, వాళ్ళు తెచ్చిన చూపు శతాబ్దం చివరిదాకా సాగింది.

రాఫేల్ మీద అంత కోపం ఎందుకు?

కోపం రాఫేల్ మీద కన్నా ఆయన పేరు చెప్పి పాఠాలు నేర్పినవాళ్ళ మీద. రాఫేల్ 1520లో చనిపోయాడు. ఆ తర్వాత మూడు వందల ఏళ్ళకు బొమ్మ ఎలా వేయాలన్నది ఒక వంటకం చేసే పద్ధతిలా తయారైంది. ముఖ్యమైన మనిషి మధ్యలో ఉండాలి, వెలుగు అతని మీదే పడాలి, మూలలు చీకట్లో కలిసిపోవాలి, మొత్తం మీద గోధుమరంగు ఛాయ ఉండాలి. తారులాంటి బిట్యుమెన్ కలిపి ఆ ఛాయ తెచ్చేవారు. అది కాలంతో పాటు నల్లబడి బీటలు వారుతుంది కూడా. రాయల్ అకాడమీ మొదటి అధ్యక్షుడు సర్ జాషువా రెనాల్డ్స్‌ను ఈ కుర్రాళ్ళు 'స్లోషువా' అని వెక్కిరించేవారు. రంగు ఎడాపెడా పూసేవాడు అని దాని భావం.

రాఫేల్‌కు ముందటి ఇటలీ చిత్రకారుల బొమ్మలు వాళ్ళకు నచ్చాయి. పీసా నగరంలోని కుడ్యచిత్రాలకు చెక్కిన ప్రతుల పుస్తకం ఒకటి మిలే ఇంట్లో కలిసి తిరగేశారు. అసలు గోడలను చూడకుండా, ఆ నలుపు తెలుపు ప్రతులు చూసే అంత ఉత్సాహం తెచ్చుకున్నారు.

చూడగానే గుర్తుపట్టడం ఎలా?

మొదటి తరం బొమ్మల్లో మూల అంటూ ఉండదు. మనిషి ముఖం ఎంత శ్రద్ధగా వేశారో కాలికింద గడ్డిపోచనూ అంతే శ్రద్ధగా వేశారు. అందుకే మొదట చూసినప్పుడు కళ్ళు ఎక్కడ ఆగాలో తెలియక కాస్త ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బంది మీ తప్పు కాదు. వాళ్ళు కోరి తెచ్చిపెట్టిందే.

రెండో గుర్తు, లోపల దీపం పెట్టినట్టుండే రంగు. దీనికి ఒక పని పద్ధతి ఉంది. కాన్వాసు మీద తెల్లటి పూత వేసి ఆరబెట్టాక, ఆ రోజు ఎంత మేర వేయగలరో అంత జాగాలో మాత్రం మళ్ళీ తాజా తెల్ల రంగు పల్చగా పూసేవారు. ఆ తడి మీద సన్నటి కుంచెలతో, నీటిరంగుల్లా పల్చగా రంగు వేసేవారు. కింద తెలుపు మీద పడిన వెలుతురు తిరిగి పైకి వస్తుంది కాబట్టి ఆకుపచ్చ నిజంగా ఆకులా మెరుస్తుంది. తప్పు జరిగితే దిద్దడం కష్టం, గీకేసి మళ్ళీ వేయాల్సిందే. గోడల మీద తడి గచ్చుపై ఫ్రెస్కో వేసేవాళ్ళు కూడా ఇలాగే రోజుకు ఒక ముక్క చొప్పున పని చేస్తారు.

ఇంకో సంగతి. నూనెరంగులను నొక్కే ట్యూబుల్లో పెట్టడం 1841లో వచ్చింది. ఆ ట్యూబులు లేకపోతే ఈ కుర్రాళ్ళు నెలల తరబడి పొలంలో కూర్చుని బొమ్మ వేయడం చాలా కష్టమయ్యేది.

'ఒఫీలియా' గురించి అందరూ ఎందుకంత చెప్తారు?

చెప్పాల్సిందే కాబట్టి. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

షేక్స్‌పియర్ 'హామ్లెట్' నాటకంలో ఒఫీలియా మరణం రంగస్థలం మీద జరగదు. ఆమె పూలదండలు వేలాడదీయబోయి కొమ్మ విరిగి వాగులో పడిందని రాణి వచ్చి చెబుతుంది. బట్టలు ఉబ్బి కాసేపు తేలిందని, అప్పుడు కూడా పాటలు పాడుతూనే ఉందని చెబుతుంది. ప్రేక్షకులు చెవులతో మాత్రమే విన్న ఆ కొద్ది క్షణాలను మిలే కళ్ళ ముందు పెట్టాడు. ఆమె నోరు కొద్దిగా తెరిచి ఉంటుంది, గమనించండి. పాట ఇంకా ఆగలేదు.

ముందు వాగు, తర్వాత మనిషి. 1851 వేసవిలో సర్రే ప్రాంతంలో యూయెల్ దగ్గర హాగ్స్‌మిల్ వాగు ఒడ్డున కూర్చున్నాడు. రోజుకు పదకొండు గంటల దాకా, వారానికి ఆరు రోజులు, దాదాపు ఐదు నెలలు. ఈగలు కుట్టేవని, గాలికి నీళ్ళలో పడిపోతాననిపించేదని ఉత్తరాల్లో వాపోయాడు. పొలంలో గడ్డి తొక్కుతున్నావని నోటీసు ఇస్తామని బెదిరించారు. హంసలు వచ్చి, తాను వేస్తున్న నీటి మొక్కలనే తినిపోయేవి. నవంబరు చలికి గడ్డితో ఒక గుడిసె వేయించుకుని అందులోంచి వేశాడు.

అన్ని నెలలు పట్టింది కాబట్టి బొమ్మలో ఒక వింత ఉంది. ఒకే సమయంలో పూయని పూలు ఒకే ఒడ్డున కలిసి ఉన్నాయి. ప్రకృతిని ఉన్నదున్నట్టు వేస్తానన్న మనిషి, నిజాయితీగా వేసినందువల్లే ప్రకృతిలో లేని దృశ్యం వేశాడు. నాకు ఈ బొమ్మలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఆ తర్వాత కాన్వాసు లండన్‌కు తెచ్చి, మధ్యలో వదిలిన ఖాళీలో ఎలిజబెత్ సిడాల్‌ను వేశాడు. పాత వెండి జరీ గౌను ఒకటి నాలుగు పౌండ్లకు కొని, ఆమెకు తొడిగి నీళ్ళ తొట్టిలో పడుకోబెట్టాడు. నీళ్ళు చల్లారకుండా తొట్టి కింద దీపాలు పెట్టాడు. ఒకరోజు దీపాలు ఆరిపోయాయి. మిలే పనిలో మునిగి గమనించలేదు, ఆమె నోరెత్తి చెప్పలేదు. జబ్బుపడింది. డాక్టరు ఖర్చులు ఇవ్వకపోతే కోర్టుకెక్కుతానని ఆమె తండ్రి మిలేకి రాశాడు.

మెడలో వయొలెట్ల హారం, చేతి దగ్గర ఎర్రటి గసగసాల పువ్వు, ఎడమ పక్క కొమ్మల్లో రాబిన్ పిట్ట. కనిపించనిది కూడా ఒకటుంది. మిలే మొదట నీళ్ళలో ఈదే ఒక ఎలుకను వేశాడు. హంట్ బంధువులకు చూపిస్తే కుందేలా, కుక్కా, పిల్లా అని అడిగారు. మిలే దాన్ని తీసేశాడు. పై మూలన ఫ్రేము కింద దాని చిత్తు గీత ఇప్పటికీ ఉంది.

బైబిలు, షేక్స్‌పియర్ తెలియకపోతే ఈ బొమ్మలు అర్థం కావా?

కథ తెలిస్తే మేలు. పర్ణశాల ముందు ఒక స్త్రీ, దూరంగా మెరిసే లేడి ఉన్న బొమ్మను రామాయణం తెలియనివాళ్ళకు చూపిస్తే 'బాగుంది, అడవిలో లేడి' అంటారు. మనకైతే ఆ లేడిని చూడగానే గుండె జారుతుంది. ఈ బొమ్మల్లోనూ అలాంటి లేళ్ళున్నాయి. అయితే కథ చదివాకే చూడాలని ఆగొద్దు. ముందు బొమ్మ చూడండి, మీకు వింతగా తోచినవి గుర్తుపెట్టుకోండి, తర్వాత కథ చదవండి. నేను అలా చేసినప్పుడే ఎక్కువ దొరికింది.

అప్పట్లో వీళ్ళను తిట్టారంటారు, నిజమేనా?

మామూలుగా తిట్టలేదు. 1850లో మిలే 'తల్లిదండ్రుల ఇంట్లో క్రీస్తు' ప్రదర్శించాడు. వడ్రంగి కొట్టులో బాల యేసు. మేకు గుచ్చుకుని అరచేతిలో రక్తం, ఒక చుక్క పాదం మీద. తల్లి మరియ మోకరిల్లి ఓదారుస్తోంది. పక్కన ఇంకో పిల్లాడు గిన్నెలో నీళ్ళు తెస్తున్నాడు, అతను తర్వాత యేసుకు బాప్తిస్మం ఇచ్చే యోహాను. నేలంతా చిత్రిక పట్టిన పొట్టు. మిలే లండన్‌లో నిజం వడ్రంగి కొట్టుకు వెళ్ళి అక్కడే కూర్చుని వేశాడు. మరియ భర్త, వడ్రంగి యోసేపు తలకు తన తండ్రిని, నరాలు తేలిన చేతులకు అసలు వడ్రంగిని పెట్టుకున్నాడు. వెనక ఉన్న గొర్రెల కోసం కసాయి దగ్గర తలలు తెచ్చుకున్నాడు.

దేవుడి కుటుంబాన్ని మాసిన గోళ్ళతో, కష్టపడే ఒళ్ళుతో చూపించడం జనం భరించలేకపోయారు. నవలా రచయిత చార్లెస్ డికెన్స్ తన పత్రికలో బాలుణ్ణి, మరియను కూడా వదలకుండా కటువుగా రాశాడు. పేదవాళ్ళ గురించి అంత ప్రేమగా రాసిన మనిషి ఇక్కడ పేదరికాన్ని అసహ్యంగా చూడటం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. గొడవ ఎంత పెరిగిందంటే విక్టోరియా రాణి ఆ బొమ్మను తెప్పించుకుని మరీ చూసింది.

మరి వాళ్ళను నిలబెట్టింది ఎవరు?

విమర్శకుడు జాన్ రస్కిన్. 1851 మేలో 'ద టైమ్స్' పత్రికకు ఉత్తరాలు రాసి వెనకేసుకొచ్చాడు. ఆ స్నేహం మరో మలుపు తిరిగింది. రస్కిన్ భార్య ఎఫీ గ్రే ఆ పెళ్ళి రద్దు చేయించుకుని 1855లో మిలేను పెళ్ళాడింది. ఈ కథను సినిమాలా చెప్పుకోవడం అందరికీ ఇష్టమే. కానీ అంతా తెలిశాక కూడా రస్కిన్ మిలే బొమ్మల్లో మంచివాటిని మంచివనే రాశాడన్నది నాకు ఎక్కువ ముఖ్యం.

ప్రతి వస్తువుకూ అర్థం ఉంటుందా?

హంట్ బొమ్మల్లో దాదాపు ఉంటుంది. 1853లో వేసిన 'మేల్కొన్న అంతరాత్మ' తీసుకోండి. కొత్త సామాను నిండిన గదిలో ఒక యువకుడు పియానో ముందు కూర్చుని పాడుతున్నాడు. అతని ఒళ్ళోంచి ఒక అమ్మాయి లేస్తోంది. ఆమె చేతి వేళ్ళన్నిటికీ ఉంగరాలున్నాయి, పెళ్ళి ఉంగరం ఉండాల్సిన వేలికి తప్ప. అంటే ఆమె అతని భార్య కాదు. బల్ల కింద పిల్లి ఒక పిట్టను పట్టుకుంది, పిట్ట తప్పించుకోబోతోంది. నేల మీద పారేసిన గ్లవ్. వెనక అద్దంలో ఎండ పడ్డ తోట. అంటే ఆమె చూస్తున్నది మనవైపు కాదు, మన వెనక ఉన్న కిటికీలోంచి బయటికి. మనం ఆ గదిలోనే నిలబడి ఉన్నాం.

ఈ బొమ్మ కూడా జనానికి అర్థం కాకపోతే రస్కినే మళ్ళీ పత్రికకు రాసి వివరించాడు. ఇంకోటి. ఇప్పుడు మనం చూసే ఆమె ముఖం మొదట వేసింది కాదు. అందులోని వేదన భరించలేనని కొన్నవాడు అడిగితే హంట్ ముఖం మళ్ళీ వేశాడు.

అయితే గుర్తుల వేటే పనిగా పెట్టుకోవద్దు. రోసెట్టి దగ్గర పువ్వు చాలాసార్లు రంగు కోసం, మత్తు కోసం ఉంటుంది.

ఎలిజబెత్ సిడాల్ మోడలేనా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళకు నేను ముందు ఆమె బొమ్మలు చూపిస్తాను. ఆమె చిత్రకారిణి, కవయిత్రి. టోపీల దుకాణంలో పనిచేసేటప్పుడు వాల్టర్ డెవరెల్ అనే చిత్రకారుడి కంటపడి మోడల్ అయింది. బొమ్మలకు నిలబడుతూనే తానూ వేయడం మొదలుపెట్టింది. 1855లో రస్కిన్ ఆమె వేసేవాటికి ఏడాదికి 150 పౌండ్లు ఇస్తానన్నాడు. 1857లో ప్రీ-రాఫెలైట్లు లండన్ రస్సెల్ ప్లేస్‌లో సొంతంగా పెట్టుకున్న ప్రదర్శనలో పాల్గొన్న ఒకే ఒక్క స్త్రీ ఆమె. కేంబ్రిడ్జ్ ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఉన్న 'క్లర్క్ సాండర్స్' చూడండి. చిన్న బొమ్మ. మనుషులు బిగుసుకుపోయినట్టు, ఇరుకు గదిలో చిక్కినట్టుంటారు. చేయి తిరగలేదని కొందరంటారు. నాకు ఆ ఇరుకే కథ చెబుతున్నట్టుంటుంది.

1860లో రోసెట్టిని పెళ్ళి చేసుకుంది. మరుసటి ఏడాది బిడ్డ చనిపోయి పుట్టింది. 1862 ఫిబ్రవరిలో, నల్లమందు కలిపిన లాడనం మోతాదు మించి ఆమె చనిపోయింది. రోసెట్టి తన కవితల రాతప్రతిని శవపేటికలో పెట్టి, ఏడేళ్ళ తర్వాత సమాధి తవ్వించి తీసుకున్నాడు. ఈ చివరి సంగతినే అందరూ ముందు చెప్తారు. 2023లో లండన్ టేట్ బ్రిటన్ గ్యాలరీ రోసెట్టి కుటుంబం మీద పెట్టిన ప్రదర్శనలో ఆమె బొమ్మలకు తగిన చోటిచ్చారు. ఎప్పుడో జరగాల్సిన పని అది.

ఇంకెవరైనా స్త్రీలు వేశారా?

జోవన్నా బోయ్స్, రెబెకా సాలమన్, మేరీ స్పార్టలీ స్టిల్‌మన్, తర్వాతి తరంలో ఎవెలిన్ డి మోర్గన్. ఎవరితో మొదలుపెట్టాలంటే స్టిల్‌మన్ తోటల బొమ్మలతో మొదలుపెట్టమంటాను. మోడళ్ళలో ఫానీ ఈటన్ పేరు గుర్తుంచుకోండి. జమైకాలో పుట్టిన ఆమె ముఖం సిమియన్ సాలమన్ 'మోషే తల్లి' బొమ్మలో ఉంది.

రోసెట్టి బొమ్మల్లో ఆడవాళ్ళందరూ ఒకేలా ఉంటారెందుకు?

1859 తర్వాత ఆయన దారి మారింది. గడ్డిపోచలు పోయి నిండు పెదవులు, పొడుగాటి మెడ, ఒత్తయిన జుట్టు వచ్చాయి. ఫానీ కార్న్‌ఫోర్త్, అలెక్సా వైల్డింగ్, కవి, డిజైనర్ విలియం మోరిస్ భార్య జేన్ మోరిస్, ముగ్గురూ ఆయన కుంచెలో ఒకే కలలోకి కరిగిపోయారు. వీటిలో చాలావాటికి నేను ఒక చూపుతో సరిపెడతాను. కానీ 1874 నాటి 'ప్రాసర్పైన్' అలా కాదు. రోమన్ పురాణకథలో పాతాళరాజు ఎత్తుకుపోయిన ఈ పిల్ల అక్కడ దానిమ్మ గింజలు తిన్నందుకు ఏడాదిలో కొంతకాలం అక్కడే ఉండాలి. జేన్ చేతిలో కొరికిన దానిమ్మ, ఎర్రగా విచ్చుకున్న ఆ చీలిక, అదే ఎరుపు పెదవుల మీద. ఒక చేయి ఇంకో చేతిని ఆపుతున్నట్టు మణికట్టు పట్టుకుంది.

చిత్రకారుడు జాన్ విలియం వాటర్‌హౌస్ ప్రీ-రాఫెలైటేనా?

సంఘం సభ్యుడు కాదు. సంఘం పుట్టిన తర్వాతి ఏడాది, 1849లో పుట్టాడు. అతను వేసిన, పడవలో కూర్చున్న 'లేడీ ఆఫ్ షాలట్' 1888 నాటిది. కథలు వీళ్ళవే, కుంచె పట్టు మాత్రం వేరు. దగ్గరికెళ్తే గడ్డి పోచలుగా కాక కుంచె దెబ్బలుగా కనిపిస్తుంది. ఎడ్వర్డ్ బర్న్-జోన్స్, విలియం మోరిస్‌లు మాత్రం రోసెట్టి వెంట వచ్చిన రెండో తరం.

మీకు అన్నిటికన్నా ఇష్టమైనది?

ఫోర్డ్ మాడక్స్ బ్రౌన్ వేసిన 'ఇంగ్లండుకు ఆఖరి చూపు'. బ్రౌన్ కూడా సభ్యుడు కాదు, కానీ వాళ్ళందరికీ అన్నలాంటివాడు. వూల్నర్ ఆస్ట్రేలియా ఓడ ఎక్కినప్పుడు ఈ ఆలోచన వచ్చింది. గుండ్రటి బొమ్మ. ఓడ చివర ఒక భార్యాభర్త, వెనక డోవర్ తెల్ల కొండలు దూరమవుతున్నాయి. ఇద్దరిలో ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. భర్త ముఖంలో రోషం, ఆమె ముఖంలో నిబ్బరం. ఓడ అంచున ప్రయాణంలో తినడానికి క్యాబేజీలు వేలాడదీశారు. వెనక ఒకడు దేశం వైపు పిడికిలి ఆడిస్తున్నాడు. బ్రౌన్ తననూ భార్య ఎమ్మానూ మోడళ్ళుగా పెట్టుకుని, సముద్రం మీది చలి చర్మం మీద కనిపించాలని మబ్బు పట్టిన రోజుల్లో ఆరుబయట వేశాడు. ఆమె టోపీకి గాలిలో ఎగిరే ఎర్ర రిబ్బన్లకే నాలుగు వారాలు పట్టాయి. అప్పులు, ఆకలి ఉన్న రోజులవి. ఆయన కూడా ఇండియా వెళ్ళిపోదామా అని ఆలోచించాడు.

ఎయిర్‌పోర్టులో పిల్లల్ని పంపి వచ్చినవాళ్ళకు, లోపలికి వెళ్ళినవాళ్ళకు ఈ బొమ్మను విడమరిచి చెప్పక్కర్లేదు. ఇందులో ఒక పసిబిడ్డ కూడా ఉంది. ఎక్కడుందో చివర్లో చెప్తాను.

ఇండియాతో సంబంధం ఉందా?

కొద్దిగా ఉంది. ఈ చిత్రకారులకు దగ్గరగా మెలిగి, అదే ధోరణిలో ఫొటోలు తీసిన జూలియా మార్గరెట్ కామెరాన్ 1815లో కలకత్తాలో పుట్టింది. 48 ఏళ్ళ వయసులో కూతురు కెమెరా బహుమతిగా ఇస్తే మొదలుపెట్టింది. ఇంకొకటి, మోరిస్ వాడిన అచ్చుయంత్రం మీదే భారతీయ కళల గురించి రాసిన ఆనంద కుమారస్వామి తన సింహళ కళల పుస్తకాన్ని 1908లో అచ్చువేయించాడు.

అసలు బొమ్మలు ఎక్కడ చూడొచ్చు?

లండన్ టేట్ బ్రిటన్‌లో శాశ్వత సేకరణకు టికెట్ లేదు. 'ఒఫీలియా', 'మేల్కొన్న అంతరాత్మ', 'ప్రాసర్పైన్' అక్కడివే. బొమ్మలు వేరే ప్రదర్శనలకు వెళ్తుంటాయి, వెళ్ళేముందు వెబ్‌సైట్ చూసుకోండి. బర్మింగ్‌హామ్, మాంచెస్టర్, లివర్‌పూల్ గ్యాలరీల్లోనూ గొప్ప సేకరణలున్నాయి. పారిశ్రామిక నగరాల డబ్బున్నవాళ్ళే వీటిని మొదట కొన్నారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు డెలావేర్ రాష్ట్రంలో విల్మింగ్టన్‌లోని డెలావేర్ ఆర్ట్ మ్యూజియంకు వెళ్ళొచ్చు, న్యూజెర్సీ నుంచి కారులో ఒక పూట ప్రయాణం. వెళ్ళలేకపోతే మ్యూజియంల వెబ్‌సైట్లలో, గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లో పెద్ద ఫొటోలున్నాయి. ఫోన్‌లో కాకుండా కంప్యూటర్ తెర మీద చూడండి.

మ్యూజియంలో పిల్లలు విసుగుపడుతుంటే?

వీటిని నిజంగా చూడగలిగేది పిల్లలే. పెద్దవాళ్ళు పక్కనున్న అట్ట చదివి కదిలిపోతారు. మొత్తం గది చూడాలని పెట్టుకోకుండా మూడు బొమ్మలు ఎంచుకోండి, ఒక్కోదానికి పది నిమిషాలు. ఫ్రేములో ఒక మూల ఎంచి, అక్కణ్ణుంచి అరచేయి మేర చొప్పున కదలమనండి. వేసినవాడు కూడా అలాగే కదిలాడు. ఒఫీలియా పక్కన పిట్టను వెతకమనండి, బల్ల కింద పిల్లిని పట్టుకోమనండి.

బ్రౌన్ బొమ్మ ముందు నిలబెట్టి, ఎన్ని చేతులున్నాయో లెక్కపెట్టమనండి. తల్లి ఎడమచేతిలో, శాలువా మడతల్లోంచి బయటికొచ్చిన చిన్న చేయి ఒకటుంది. వాళ్ళంతట వాళ్ళు కనిపెట్టేదాకా చెప్పకండి.